కారు పెయింటుకి కవచకుండలాలు అవసరమా?

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఎవరు కొత్త కారు కొన్నా, మైలేజీ ఎంత అని అడగడం మానేశారు. "సెరామిక్ చేయించావా? పీపీఎఫ్ వేయించావా?" అనేది మొదటి ప్రశ్న. సెరామిక్ అంటే పెయింటు మీద ద్రవంలా పూసే కోటింగు. పీపీఎఫ్ అంటే పెయింటు మీద అతికించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, మన మొబైలు స్క్రీన్ గార్డుకి పెద్దన్నయ్య అనుకోండి. నేను విచారించిన చోట్ల మొదటిదానికి పదిహేను వేల నుంచి నలభై వేల దాకా, రెండోది కారంతా కప్పాలంటే డెబ్భై వేల నుంచి రెండు లక్షల దాకా చెప్పారు. ఎనిమిది లక్షల కారుకి లక్షన్నర తొడుగా అని మా నాయన లాంటివాళ్ళు నోరెళ్ళబెడతారు. "అంత పెట్టి కొన్నాక ఆమాత్రం పెట్టకపోతే ఎలా బాస్" అని మా టీములో కుర్రాళ్ళంటారు. ఎవరి లెక్క వాళ్ళది.

నేను పెయింటు ఇంజినీరుని కాను. జావా రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఈ విషయం లోతుగా చూడాల్సిన అవసరం వచ్చింది. మాది ఆళ్లగడ్డ. మా చిన్నాయన కొడుకు బెంగుళూరులో ఒక డీటైలింగ్ షాపులో మూడేళ్ళు పనిచేసి, ఇప్పుడు నంద్యాలలో సొంతంగా పెడతానంటున్నాడు. మొత్తం ఎనిమిది లక్షలవుతుందట. మూడు లక్షలు నన్ను పెట్టమన్నాడు. మిగతా ఐదు లక్షలకి మా చిన్నాయన తన వాటాకొచ్చిన రెండెకరాల్లో ఒక ఎకరా తాకట్టు పెడతాడట. నా మూడు లక్షలు పోతే బాధపడి ఊరుకుంటా. ఆ ఎకరా పోతే మాత్రం ఊరుకునే విషయం కాదు. అందుకని అసలీ సరుకులో సరుకెంత అని చూడటం మొదలుపెట్టాను.

ముందు పెయింటు సంగతి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద అన్ని పొరలూ కలిపి పెయింటు మందం దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు. న్యూస్ పేపరు కాగితం మందం 70 మైక్రాన్ల లెక్కన చూస్తే, రెండు కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. అందులో కింద తుప్పు పట్టకుండా ఒక పొర, దానిమీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోటు. ఈ క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మనకి కనపడే మెరుపంతా దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడే రసాయనాలూ అందులోనే ఉంటాయి. అంటే కారుకి పుట్టుకతోనే ఒక కవచం ఉంది. మనం మాట్లాడుతున్నది కవచానికి కవచం గురించి.

ఇప్పుడు ఆ కవచానికి శత్రువులెవరో చూద్దాం. ఇది ఊరిని బట్టి మారుతుంది. యూరప్‌లో అయితే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు. మన నంద్యాల దగ్గర కథ వేరు. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. ఎండలో నిలబెట్టిన నల్లకారు బానెట్టు మీద చెయ్యి పెట్టలేం. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ళ గనులు, పాలిషింగ్ యూనిట్లు. కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. రోడ్డు మీద రాళ్ళ లారీలు. బోరు నీళ్ళు చూస్తే బకెట్టు అంచున తెల్లగా పొలుసు కట్టే రకం. మహానందికో అహోబిలానికో పోతే కోతులు. బానెట్టు మీద కూర్చుని వైపరు పీక్కుని తినే ఘనకార్యం చూడనివాళ్ళు మా వైపు తక్కువ. ఇక కొత్తకారు పూజ సంగతి చెప్పక్కర్లేదు. పసుపు, కుంకుమ తడిపి బానెట్టు మీద బొట్లు పెట్టి, ఎండలో గంటసేపు ఆరనిచ్చి, ఆ తర్వాత పొడిగుడ్డతో బరబరా తుడుస్తాం. కారుకి మొదటి గీతలు చాలాసార్లు దేవుడి ఎదుటే పడతాయి.

ఈ శత్రువుల్ని మూడు రకాలుగా విడదీయొచ్చు. ఒకటి, దెబ్బలు. హైవే మీద ముందు లారీ టైరు నుంచి ఎగిరొచ్చే కంకర రాయి, కోతి గోళ్ళు, పక్కన బండి పెట్టేవాడి హ్యాండిలు. రెండు, సన్నగీతలు. మన దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, ఆ దుమ్ముని పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ క్లియర్ కోటు మీద సాలెగూడులా గీతలు పడతాయి. మూడు, రసాయనాలు. పక్షి రెట్ట, బోరు నీటి మరకలు, సిమెంటు దుమ్ము తడిసి ఎండటం. వేడికి క్లియర్ కోటు కొంచెం మెత్తబడి ఉన్నప్పుడు రెట్ట పడితే, అది అక్కడే ఎండి పెయింటు మీద అచ్చు గుద్దినట్టు ముద్ర వదులుతుంది.

ఇక సెరామిక్ కోటింగు. దీంట్లో ఎక్కువగా ఉండేవి సిలికా ఆధారిత పదార్థాలు. పూశాక గట్టిపడి క్లియర్ కోటుని పట్టుకుంటుంది. మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లు, అంతే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు పెట్టుకుంటే, అంత పల్చటి పొర కంకర రాయిని ఆపుతుందని ఎవరైనా చెప్తే నవ్వుకోవచ్చు. కోతి గోరునీ ఆపదు. మరి "9హెచ్ హార్డ్‌నెస్" అని బోర్డుల మీద రాస్తారే? అది పెన్సిల్ పరీక్ష. మనం స్కూల్లో వాడిన హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్ళ వరసలో బాగా గట్టిదైన 9హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని దానర్థం. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో కురువిందానికి 9, వజ్రానికి 10 ఉంటాయి. ఆ 9కీ ఈ 9కీ చుట్టరికం లేదు. మన రోడ్డు దుమ్ములోని ఇసుక (క్వార్ట్జ్) మోస్ స్కేలులో 7. పెన్సిల్లో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. పెన్సిలుకి తట్టుకున్నది ఇసుకకి తట్టుకుంటుందని ఎక్కడా లేదు. యూనిట్ టెస్టు పాసైందని ప్రొడక్షన్‌కి గ్యారంటీ ఇచ్చినట్టుంటుంది.

అయితే సెరామిక్ పనికిరాదా? పనికొస్తుంది, కానీ చెప్పిన పనికి కాదు. నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, దుమ్ము గట్టిగా పట్టుకోదు, కడగడం సులువవుతుంది. రెట్ట పడినా పెయింటుని చేరడానికి కొంచెం ఎక్కువ టైము తీసుకుంటుంది. కడగడం సులువైతే గుడ్డతో రుద్దడం తగ్గుతుంది, రుద్దడం తగ్గితే గీతలు తగ్గుతాయి. లాభం ఇలా దొడ్డిదారిన వస్తుందన్న మాట. మా వైపు ఒక తిరకాసు కూడా ఉంది. కోటింగు మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడే వీడియోలు చూస్తుంటాం కదా. నంద్యాల బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే ఆ ప్రతి ముత్యమూ ఆవిరై, దాని కింద ఒక తెల్ల సున్నపు చుక్క మిగులుతుంది. కోటింగు ఉన్నా తుడిచి ఆరబెట్టాల్సిందే.

ఇంకో సంగతి. కోటింగు వేయించుకున్న రోజు కారు అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు కోటింగుది కాదు, దానికి ముందు చేసిన పాలిషుది! మా ఆళ్లగడ్డవాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. మా ఊరు శిల్పాలకి పేరు, జీఐ గుర్తింపు కూడా ఉంది. రోడ్డు పక్క షెడ్లలో నల్లరాతి విగ్రహాల్ని నునుపు చేయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ముందు గరుకు రాయి, తర్వాత అంతకన్నా సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. నునుపు వచ్చేకొద్దీ రాయి తనంతట తనే నల్లగా నిగనిగలాడుతుంది. చివర్లో నూనె రాస్తే ఆ నలుపు ఇంకొంచెం పండుతుంది, అంతే. గరుకు రాయి మీద ఎంత నూనె పోసినా మెరవదు. కారు పెయింటూ అంతే. తేడా ఒక్కటే. రాయి మందం అడుగుల్లో ఉంటుంది, క్లియర్ కోటు మందం మైక్రాన్లలో. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు అరిగిపోతాయి. ఏడాదికోసారి "రీకోటింగు" పేరుతో మిషను పెట్టి రుద్దించుకునేవాళ్ళు, కాపాడుకోవాల్సిన దాన్ని కాపాడుకునే పేరుతో కరగదీస్తున్నారు.

పీపీఎఫ్ కథ వేరు. ఇందులో నిజంగా సరుకుంది. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలు ఇసుకకీ రాళ్ళకీ దెబ్బతినకుండా అతికించిన పాలీయురిథేన్ పొర నుంచి వచ్చిందిది. ఇప్పుడు కార్లకి వాడే మంచి రకం టీపీయూ ఫిల్ము 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. అంటే మొత్తం పెయింటు కన్నా ఎక్కువ మందం. సాగుతుంది కాబట్టి రాయి దెబ్బని మింగేస్తుంది. పైపొర మీద పడ్డ సన్నగీతలు వేడికి వాటంతటవే పూడుకుంటాయి. వేడికి మా నంద్యాలలో కొదవేముంది!

దీని బాధలు దీనికున్నాయి. మొదటిది ధర. రెండోది, టీపీయూ అని చెప్పి పీవీసీ అంటించే ఘనులున్నారు. అంటించిన రోజు రెండూ ఒకేలా ఉంటాయి. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక పీవీసీది పచ్చబడి, పెళుసుబారి, పీకబోతే ముక్కలు ముక్కలుగా వస్తుంది. మూడోది, ఒకసారి రీపెయింటు చేసిన భాగం మీద ఫిల్ము వేస్తే, తీసేటప్పుడు పెయింటు కూడా దాంతో పాటే లేచిపోవచ్చు. నాలుగోది, ఫిల్ముని కారు మీదే పెట్టి బ్లేడుతో కోస్తే పెయింటు మీద బ్లేడు గీతలు పడతాయి. కంప్యూటర్లో కారు మోడలుని బట్టి కొలతలు పెట్టి ప్లాటరుతో కోసి తెచ్చి అంటించేవాళ్ళు నయం.

ఇప్పుడు డబ్బు లెక్క. బంపరు, బానెట్టు, ముందు ఫెండర్లు, అద్దాల తొడుగులు, ఇంతవరకే ఫిల్ము వేయిస్తే నాకు చెప్పిన ధర ముప్ఫై వేలకి అటూ ఇటూ. రాళ్ళ దెబ్బల్లో చాలావరకు తగిలేది ఇక్కడే. అదే వేయించకుండా, గీతలు పడ్డాక బంపరూ బానెట్టూ మళ్ళీ పెయింటు చేయిస్తే పది, పన్నెండు వేలు. ఐదేళ్ళలో రెండుసార్లు చేయించినా ఫిల్ముకన్నా తక్కువే. కాకపోతే ఫ్యాక్టరీలో పెయింటుని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు, బయట వర్క్‌షాపులో 60 డిగ్రీలు దాటడం కష్టం. ఆ నాణ్యత రాదు. పైగా అమ్మేటప్పుడు "షోరూం పెయింటేనా?" అన్నది మా వైపు మొదటి ప్రశ్న. మళ్ళీ పెయింటు పడిందంటే యాక్సిడెంటు బండేమో అని అనుమానం. ఫిల్ముకి పెట్టిన డబ్బు కొనేవాడు ఇవ్వడు, కానీ దాని కింద ఉన్న ఒరిజినల్ పెయింటుకి విలువ ఇస్తాడు.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారా? మామూలు కాంప్రెహెన్సివ్ పాలసీలో పెయింటింగు మెటీరియలు ఖర్చు మీద 50 శాతం తరుగు తీస్తారు. ప్లాస్టిక్ భాగాల మీదా అంతే. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఆ కోత ఉండదు. కానీ క్లెయిము చేస్తే నో క్లెయిము బోనస్ పోతుంది, అది ఐదేళ్ళలో 50 శాతం దాకా పెరిగేది. చిన్న గీతకి క్లెయిము చేయడం తెలివైన పని కాదు. ఫిల్ము వేయించాక యాక్సిడెంటైతే ఆ ఫిల్ము ఖరీదు ఇస్తారో లేదో పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి.

చట్టం గురించి కూడా ఒక మాట. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్నది అద్దాల మీద. బాడీ మీద పారదర్శకమైన ఫిల్ముతో ఆ గొడవ లేదు. రంగు మారే ర్యాపు అయితే ఆర్సీలో ఉన్న రంగుకీ బండికీ పొంతన కుదరదు కాబట్టి ఆర్టీవో దగ్గర మార్పించుకోవాలి.

ఇదంతా చూశాక మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. వాడి పని నేను చూశాను, చెయ్యి మంచిది. అందులో అనుమానం లేదు. వాడు రాసుకొచ్చిన ప్లానులో నెలకి ఆరు ఫుల్ పీపీఎఫ్‌లు, పదిహేను సెరామిక్‌లు ఉన్నాయి.

"నంద్యాలలో నెలకి ఆరుమంది లక్ష రూపాయలు ఫిల్ముకి పెడ్తారా రా?" అన్నా.

"పెడ్తారన్నా. ఇప్పుడు అందరి దగ్గరా పెద్ద బండ్లే ఉండాయి. కాంట్రాక్టర్లు, డాక్టర్లు... అంతా బెంగుళూరుకో హైదరాబాదుకో పోయి ఏపిచ్చుకుంటాండారు."

"సరే, మరి బోర్డు మీద 9హెచ్, ఐదేళ్ళ వారంటీ అని రాస్తావా?"

"అందరూ రాస్తారు కదన్నా."

వాడు పనిచేసిన షాపు వారంటీ కాగితం ఒకటి తెప్పించి చదివాను. మన ఎస్ఎల్ఏల కన్నా ముద్దుగా ఉంది. రాళ్ళ దెబ్బలు, రెట్టలు, నీటి మరకలు, గీతలు వర్తించవట. ఏటా డబ్బు కట్టి సర్వీసుకి రాకపోతే వారంటీ రద్దట. ఇవన్నీ తీసేస్తే మిగిలేదేంటో నాకర్థం కాలేదు. వాడికి అదే చూపించా. కాసేపు మాట్లాడలేదు.

"నిజం చెప్తే ఎవరూ ఏపిచ్చుకోరన్నా. పక్కోడు ఐదేండ్లంటే నేను యాడాదంటే నా తాకి ఎవడొస్తాడు?" అన్నాడు.

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. మనమూ బిడ్డింగులో పక్క కంపెనీ ఆరు నెలలంటే నాలుగు నెలలని రాసేవాళ్ళమే కదా. కానీ బెంగుళూరులో ఒక కస్టమరు పోతే ఇంకొకడొస్తాడు. నంద్యాలలో ఆ డాక్టరు గారి కారు మీద కోటింగు ఏడాదికే పోతే, ఆ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఆ మర్నాడు మా చిన్నాయన ఎదురుపడితే ఆయన్నే అడుగుతారు. చిన్న ఊళ్ళో వారంటీ కార్డు మీద ఏం రాసినా, అసలు వారంటీ ఇంటిపేరే.

చివరికి ఇద్దరం కూర్చుని ప్లాను మళ్ళీ రాశాం. మొదటి ఏడాది ఆదాయం కడగడం, లోపల శుభ్రం చేయడం, గీతలు తీయడం మీద లెక్కేశాం. నీళ్ళని మెత్తపరిచే ప్లాంటు ఒకటి ముందే పెట్టాలి, ఆ ఊళ్ళో అదే వాడి ప్రత్యేకత అవుతుంది. ఫిల్ము రోలు (1.52 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడుగు, దాదాపు ఒక కారుకి సరిపడేది) స్టాకు పెట్టుకోకుండా ఆర్డరు వచ్చాకే తెప్పించాలి. ప్లాటరు రెండో ఏడాదికి. అప్పటిదాకా కొలత ప్రకారం కోసిన ముక్కలు బయట నుంచి తెప్పించుకోవచ్చు. ఇలా కోస్తే ఎనిమిది లక్షలు నాలుగున్నరకి దిగింది. నా మూడూ ఇస్తాను. మిగతా లక్షన్నర బెంగుళూరులో వాడు దాచుకున్నది. ఎకరా తాకట్టు అవసరం లేదు. వాడికి ఇది పూర్తిగా నచ్చలేదని తెలుసు. పెద్ద బోర్డు, అద్దాల షాపు, లోపల తెల్లటి లైట్లు వాడి కల. "వాటర్ సర్వీసు పెట్టుకోనీకి బెంగుళూరు పోవల్లనా అన్నా?" అన్నాడు ఫోన్లో. 9హెచ్ సంగతి ఇంకా తేలలేదు. షాపు తెరిచే రోజు బోర్డు మీద ఏముంటుందో చూడాలి.

మీ కారు విషయానికొస్తే నా మటుకు నాకు తేలింది ఇది. నెలకి రెండు మూడుసార్లు హైవే ఎక్కేవాళ్ళయితే, కొత్త కారుకి ముందు భాగం వరకు మంచి టీపీయూ ఫిల్ము వేయించడం దండగ కాదు. బండి ఎక్కువగా అపార్ట్‌మెంటు సెల్లార్లో, ఆఫీసు పార్కింగులో ఉంటే అదీ అక్కర్లేదు. కారంతా ఫిల్ము అనేది బండి ఖరీదు పాతిక, ముప్ఫై లక్షలు దాటి, పదేళ్ళు ఉంచుకుందామనుకుంటేనే. సెరామిక్ అనేది కడిగే ఓపిక ఉన్నవాళ్ళకి సౌకర్యం, ఓపిక లేనివాళ్ళకి ఏమీ కాదు. షోరూంలో డెలివరీ రోజు హడావిడిలో అంటగట్టే ప్యాకేజీ మాత్రం వద్దనండి. అందులో ఏ కంపెనీ కోటింగు, ఎంత, ఎవరు పూశారు అని అడిగితే నా విషయంలో సమాధానం రాలేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ కాపాడేవి చవకవే. పొడిగుడ్డతో తుడవడం మానేయడం. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్ళు, నీడలో కడిగి మైక్రోఫైబరు గుడ్డతో అద్ది ఆరబెట్టడం. రెట్ట పడితే ఆ పూటే తడిపి తీసేయడం. దుమ్ముపట్టిన కారు మీద కవరు కప్పకపోవడం, గాలికి అది కదిలి ఉప్పుకాగితంలా గీస్తుంది. ఊళ్ళో జాగా ఉన్నవాళ్ళు ఒక రేకుల షెడ్డు వేయించుకుంటే సెరామిక్‌కి పెట్టే డబ్బులోనే అయిపోతుంది. దాని కింద ఈ కారే కాదు, దీని తర్వాత కొనే కారూ నిలబడుతుంది. పూజ మాత్రం మానొద్దు. బొట్లు నంబరు ప్లేటు మీద పెట్టుకోమని మా అమ్మని ఒప్పించడానికి నాకు రెండు కార్లు పట్టింది. మీకెన్ని పడతాయో మరి.